నిజాంపట్నం మొగ దాటి, సముద్రపు పక్షుల కోసం

గుంటూరు వాళ్లకి పక్షులంటే ఉప్పలపాడే. ఆ చెరువు గట్టు మీద నిలబడి గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని చూస్తూ పెరిగినదాన్నే నేనూ. విజయవాడ ఫ్రెండ్స్‌ని అడిగితే కొల్లేరు, ఆటపాక అంటారు. మరి సముద్రం మనకి అంత దగ్గర్లో ఉందా, సూర్యలంక వెళ్లి మోకాలి లోతు నీళ్లలో కాసేపు ఎగిరి, చేపల వేపుడు తిని వచ్చేస్తాం తప్ప, ఒడ్డు కనబడనంత లోపల ఆ నీళ్ల మీద ఏ పక్షులు బతుకుతున్నాయో చూద్దామని ఎవరం అనుకోం, పక్షుల పిచ్చి ఉన్నవాళ్లం కూడా అనుకోం. ఇది నాకు చాలాకాలంగా బాధగానే ఉంది. అందుకే మార్చిలో వెళ్లిన పడవ ప్రయాణం గురించి కాస్త వివరంగా రాస్తున్నా.

పశ్చిమ తీరంలో, అంటే ఉడుపి పక్కన మల్పే నుంచి, కేరళలో కన్నూరు వైపు నుంచి, ఇలా పక్షుల కోసం సముద్రంలోకి వెళ్లే ట్రిప్పులు ఎప్పటి నుంచో ఉన్నాయి. మేం వెళ్లింది టికెట్ కొనుక్కుని ఎక్కే ట్రిప్పు కాదు. పక్షుల గురించి బాగా తెలిసిన ఒక గైడ్, తన మరపడవని ఆ రోజు మాకోసం కేటాయించిన ఒక సరంగు, అంటే పడవ నడిపే ఆయన, మిగతా మేం కొందరం. మెరైన్ పోలీసులకి మా వివరాలివ్వడం, లైఫ్ జాకెట్లు తేవడం అన్నీ గైడే చూసుకున్నాడు. ఇంటర్ చదివే మా మేనల్లుడు కూడా నాతో వచ్చాడు.

తెనాలి, రేపల్లె మీదుగా చీకట్లోనే వెళ్లిపోయాం. నిజాంపట్నం మొన్నటిదాకా గుంటూరు జిల్లాయే, 2022 ఏప్రిల్‌లో కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ఇంకా వెనక్కి వెళితే, 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ల ‘గ్లోబ్’ అనే ఓడ మచిలీపట్నం కంటే ముందు ఇక్కడే ఆగింది, అప్పట్లో దీన్ని పెద్దపల్లి అనేవాళ్లు. ఇప్పుడు అక్కడ వరసగా కట్టేసిన పడవలు, ఐసు, ఎండు చేపల వాసన. సముద్రంలోకి వెళ్లాలంటే ముందు మడ చెట్ల మధ్య ఏరు గుండా పోవాలి, పాటు మీద అయితే మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, నీళ్లు చాలవు కాబట్టి పోటు చూసుకునే పడవ తీస్తారు. మొగ దాటేటప్పుడు పడవ ఒక్కసారి పైకి లేచి కింద పడుతుంది, ఆ కాసేపు మాత్రం నాకు టెన్షన్‌గానే ఉంది.

కొత్తగా వెళ్లేవాళ్లు కళ్లు తిరగడం గురించి భయపడతారు. డాక్టర్‌ని అడిగి మాత్ర బయల్దేరడానికి చాలా ముందే వేసుకోండి, ఖాళీ కడుపుతో ఎక్కకండి, ఫోన్ చూడకుండా దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు పెట్టండి. బైనాక్యులర్స్ ఎనిమిది రెట్లవి చాలు. పది రెట్లవి పడవ ఊపుకి ఇంకా వణుకుతాయి, పక్షి నిలవదు.

మొదట కనిపించినవి గల్స్, సీగల్స్ అంటామే అవి, అందులో గోధుమ తల గల్స్. ఇవి టిబెట్, లడాఖ్ ఎత్తుల్లోని సరస్సుల దగ్గర గూళ్లు పెట్టుకుని, చలికాలం మన తీరానికి దిగుతాయి. చలికాలమంతా తల తెల్లగా, చెవి దగ్గర ఒక నల్ల మచ్చతో ఉంటుంది, వేసవి దగ్గర పడేకొద్దీ ఆ గోధుమ రంగు టోపీ వస్తుంది. మేం చూసినవాటిలో కొన్నిటికి సగమే వచ్చింది. వాటి మధ్య పెద్ద పల్లాస్ గల్ ఒకటి, దానికి అప్పటికే తల పూర్తిగా నల్లబడింది. అది మధ్య ఆసియా వైపు వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు.

కాస్త లోపలికి వెళ్లాక టర్న్‌లు, నీళ్ల మీద ఎగురుతూ చేపల్ని పట్టే సన్నటి పక్షులు. ప్రకాశం బ్యారేజీ మీద నుంచి కృష్ణలో చూసే నది టర్న్‌లు కావు ఇవి, సముద్రం మీదే బతికేవి. నిమ్మపండు రంగు ముక్కుంటే పెద్ద జుట్టు టర్న్, నారింజ రంగైతే చిన్న జుట్టు టర్న్, నల్ల ముక్కుకి చివర పసుపు అంటినట్టుంటే శాండ్‌విచ్ టర్న్. పడవ ఊగుతూ ఉండగా ఆ ముక్కు రంగు పట్టుకోవడం ఎంత కష్టమో, పట్టుకున్నాక అంత ఆనందం. పడవ ముక్కు పన్నెండు గంటలు అనుకుని దిక్కులు చెప్పాలి. “రెండు గంటల వైపు, నీళ్లకి దగ్గరగా!” అని గైడ్ అరిస్తే అందరం ఒకేసారి అటు తిరిగేవాళ్లం.

“అత్తా, ఇవి తాగేదేంటి మరి, చుట్టూ ఉప్పు నీళ్లేగా?” అన్నాడు మావాడు. మంచి ప్రశ్న. ఆ ఉప్పు నీళ్లే తాగుతాయి. కళ్ల పైన ఉండే గ్రంథులు రక్తంలో ఎక్కువైన ఉప్పుని లాగేసి, చిక్కటి ఉప్పు నీరుగా ముక్కు రంధ్రాల్లోంచి బయటికి పంపేస్తాయి. అప్పుడప్పుడూ సముద్రపు పక్షి తల విదిలించుకుంటుందే, అది ఆ చుక్కల్ని దులుపుకోవడానికి.

ఇక సరంగు బాబాయ్ గురించి. నా మట్టుకు ఆ రోజు అసలు గైడ్ ఆయనే, మా గైడ్ కూడా ఇదే మాట అన్నాడు. దూరంగా నీళ్ల మీద టర్న్‌లు గుంపుగా తిరుగుతూ పడుతూ లేస్తూ ఉంటే మాకు పక్షులు కనిపించాయి, ఆయనకి చేపలు కనిపించాయి. కింద వంజరం, సూర లాంటి పెద్ద చేపలు తరుముతుంటే కవళ్లు, మెత్తళ్లు పైకి వచ్చేస్తాయి, పైన పిట్ట కాచుకుని ఉంటుంది. “పిట్ట ఎత్తులో తిరిగితే ఇంకా వెతుకుతోందమ్మా, నీళ్లకి ఆనుకుని తిరిగితే చేప పైకొచ్చినట్టే, అప్పుడు ఇంజన్ తగ్గించుకుని పక్క నుంచి వెళ్లాలి” అన్నాడు. మైళ్ల దూరంలో మాకు చుక్కల్లా కూడా ఆననివి ఆయనకి కళ్లతోనే ఆనేవి. పుస్తకంలో పేర్లు ఆయనకి తెలియవు, ఏ పిట్ట ఏ నెలలో ఏ లోతు దగ్గర ఉంటుందో తెలుసు, మనకి కావాల్సింది ఆ రెండోది.

వల లాగుతున్న ఒక ట్రాలర్ దగ్గరికి చేరేసరికి ఆ రోజు అసలు దృశ్యం దొరికింది. వలలో పడ్డ పనికిరాని చిన్న చేపల్ని వాళ్లు నీళ్లలోకి తోసేస్తుంటే వెనకాల గల్స్, టర్న్‌లు మూగాయి. అంతలో ముదురు గోధుమ రంగులో, గల్ కంటే సన్నగా, రెక్కల్లో తెల్ల మెరుపుతో ఒక పక్షి ఎక్కడి నుంచో దూసుకొచ్చింది. గైడ్ గొంతు మారిపోయింది, “జేగర్! జేగర్!” అంటున్నాడు. అది నీళ్లలో చేప వైపు చూడనే లేదు. చేప పట్టుకున్న ఒక టర్న్‌ని ఎంచుకుని వెంటపడింది, అది పైకి పోతే పైకి, పల్టీ కొడితే పల్టీ, రెండూ మా నెత్తి మీదుగా పోయి మళ్లీ తిరిగొచ్చాయి, టర్న్ అరుస్తూనే ఉంది, చివరికి ముక్కులో చేప వదిలేసింది. అది నీళ్లకి తగలకముందే జేగర్ అందుకుంది. మావాడు కెమెరా చేతిలో పట్టుకుని ఫోటో తీయడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయాడు. అలా మర్చిపోవడం నాకు నచ్చింది. తోకలో మధ్య ఈకలు సూదిగా పొడుచుకు వచ్చి ఉన్నాయి కాబట్టి అది పారసైటిక్ జేగర్ అని గైడ్ తేల్చాడు, పొమరైన్ జేగర్‌కైతే ఆ ఈకలు గరిటె చివరలా గుండ్రంగా మెలిక తిరిగి ఉంటాయట. ఉత్తర ధ్రువం దగ్గర, చెట్లు మొలవని టండ్రా నేల మీద గుడ్లు పెట్టే పక్షి, మన నిజాంపట్నం ట్రాలర్ వెనక మధ్యాహ్నం భోజనం చేస్తోంది.

వెనక్కి తిరిగేటప్పుడు పడవ పక్కనే ఒక ఆలివ్ రిడ్లే తాబేలు తల పైకెత్తి ఊపిరి పీల్చుకుని మునిగింది. ఇవి మన తీరంలో గుడ్లు పెట్టే కాలం కదా, బాబాయ్ వెంటనే ఇంజన్ తగ్గించాడు, ఎవరూ చెప్పలేదు ఆయనకి.

అప్పుడే ఒక మాట అన్నాడు. వానాకాలం వేటలో, బాగా లోపల, పిచ్చుకంత నల్ల పిట్టలు నీళ్ల మీద కాళ్లు ఆడించుకుంటూ పోతుంటాయని, వాలవని, నడుస్తున్నట్టే ఉంటాయని. గైడ్ ఫోన్‌లో విల్సన్ స్టార్మ్ పెట్రెల్ వీడియో చూపించాడు. “ఇదేనయ్యా, నడుం మీద తెల్ల పట్టీ, ఇదే” అన్నాడాయన. దాదాపు నలభై గ్రాముల బరువుండే ఆ పిట్ట అంటార్కిటికా చుట్టుపక్కల రాళ్ల సందుల్లో గుడ్లు పెడుతుంది, అక్కడ చలికాలం వచ్చేసరికి ఉత్తరానికి, హిందూ మహాసముద్రం మీదుగా ఇటు వస్తుంది. మేత దొరికే చోటు వాసనతో పసిగడుతుంది. అలాంటి పక్షుల కోసమే చేప నూనె, చేప ముక్కలు నీళ్ల మీద చల్లి ఆ వాసనకి వచ్చేవాటి కోసం ఎదురుచూస్తారు. గైడ్ బాబాయ్ చెప్పిన నెల, లోతు, గాలి దిక్కు అన్నీ అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఫోటో లేకుండా గట్టి రికార్డు కాదు కానీ, ఎక్కడ ఎప్పుడు వెతకాలో ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు?

చూసినవన్నీ ఆ రాత్రే ఈబర్డ్‌లో, అంటే చూసిన పక్షుల్ని ఎవరైనా నమోదు చేసే వెబ్‌సైట్‌లో, పెట్టాం, ఒడ్డు నుంచి ఎంత దూరమో, పక్కన ట్రాలర్ ఉందో లేదో కూడా రాశాం. మన జిల్లాల నుంచి సముద్రంలోకి వెళ్లే వాళ్లు ఎవరైనా దయచేసి ఇవి రాయండి, ఉత్త పక్షి పేరు కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, మరపడవలు కదలవు. ఆ తర్వాత, వానల్లో సముద్రం కాస్త సర్దుకున్న రోజు చూసి ఫోన్ చేస్తానన్నాడు బాబాయ్. ఈసారి రెండు పడవలకి సరిపడా జనం కావాలి, చేప నూనె ఖర్చు కూడా పంచుకోవాలి. రాదలుచుకున్నవాళ్లు ఇప్పుడే చెప్పండి.