ఆవులకి తెలిసిన పల్లం

ఈ ఏడాది మా టీమ్ చేతికి వచ్చిన పని ఆస్టిన్‌కి ఉత్తరాన ఉన్న ఒక పాత ర్యాంచ్. 600 ఎకరాల పైనే ఉంటుంది. నిరుటి వరకు ఆవులు మేసిన నేల, ఇప్పుడు దాని మీద రోడ్లు, ఇళ్లు, స్కూలు స్థలం, పార్కులు ఎక్కడెక్కడ రావాలో గీసి ఇవ్వాలి. ఇలాంటి కమ్యూనిటీల్లో ఇళ్లు కొనే తెలుగువాళ్లు టెక్సాస్‌లో చాలామందే ఉన్నారు. గృహప్రవేశం నాటికి ఆ నేల మీద అంతకుముందు ఏముండేదో చెప్పేవాళ్లు ఎవరూ మిగలరు కాబట్టి, గీసే దశలో మేం ఏం చూస్తామో రాయాలనిపించింది.

డెవలపర్ నుంచి మొదటి మీటింగ్‌లో వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే, ఎన్ని లాట్లు (ఇళ్ల స్థలాలు) పడతాయి అని. డబ్బు పెట్టేవాళ్లు అడగాల్సిన ప్రశ్నే. కానీ నీళ్ల సంగతి తేలకుండా దానికి జవాబు చెప్పకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటిసారి సైట్‌కి వెళ్లినప్పుడు ఆ ర్యాంచ్ పెద్దాయన తన పికప్‌లో మమ్మల్ని వాగు దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ ముళ్లతీగ కంచెకి ఎండుగడ్డి, పుల్లలు, ఒక ప్లాస్టిక్ డబ్బా మూత చిక్కుకుని ఉన్నాయి, నా ఛాతీ ఎత్తున. గడ్డంతా దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి వాలి ఉంది. వరద అంత ఎత్తున వచ్చి పోయిందన్నమాట. చేతిలో ఉన్న ఫెమా (అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ) వరద మ్యాప్ తెరిచి చూస్తే వరద గీత ఈ కంచె దాకా రానే లేదు, అవతల వాగు దగ్గరే ఆగిపోయింది. మా మొదటి స్కెచ్‌లో సరిగ్గా మేం నిలబడ్డ చోటే ఒక వీధి ఉంది, రెండు వైపులా ఇళ్లతో. వాన గట్టిగా పట్టిందంటే ఆవులు ఈ పల్లం వదిలేసి వాటంతటవే ఆ ఓక్ చెట్ల మిట్ట ఎక్కేస్తాయని ఆయన చెయ్యెత్తి చూపించారు. ఆ మిట్ట మీద మేం పార్కింగ్ గీశాం.

మ్యాపుల వెనక ఉన్న వాన లెక్కలు పాతబడ్డాయి. 2018లో అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవా టెక్సాస్‌కి కొత్త లెక్కలు ఇచ్చింది, అట్లాస్ 14 అంటారు. ఆస్టిన్ ప్రాంతంలో వందేళ్ల వాన అంటే 24 గంటల్లో సుమారు 10 అంగుళాలు అనుకునేవాళ్లం, అది 13 దాకా పోయింది, హ్యూస్టన్‌లో 13 నుంచి 18 అయింది. వందేళ్ల వాన అంటే వందేళ్లకోసారి వచ్చేది అని చాలామంది అనుకుంటారు గానీ, ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని దాని అర్థం. అంటే 30 ఏళ్ల హోమ్ లోన్ తీరేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. పిల్లలు పెరిగే ఇంటికి ఇది చిన్న రిస్క్ కాదు.

హ్యూస్టన్ పడమటి వైపు ఏం జరిగిందో గుర్తుందా? అడిక్స్, బార్కర్ రిజర్వాయర్లు వరద ఆపడానికి 1940ల్లో కట్టినవి, మామూలు రోజుల్లో ఖాళీగా పచ్చిక బీళ్లలా కనిపిస్తాయి. పూర్తిగా నిండితే నీళ్లు ఎంతదూరం వస్తాయో లెక్క ఉన్నా ఆ నేల మొత్తాన్ని ప్రభుత్వం కొనలేదు, మిగిలింది తర్వాత కాలనీలైంది. 2017లో హార్వీ తుపానుకి నీళ్లు వెనక్కి ఎగదన్ని వేల ఇళ్లలోకి వచ్చాయి, సింకో ర్యాంచ్‌లోని కొన్ని వీధులు కూడా అందులో ఉన్నాయి. కొన్ని ప్లాట్ మ్యాపుల మీద ముంపు గురించి చిన్న అక్షరాల్లో రాసే ఉంది. ఇల్లు కొనే హడావిడిలో అది ఎవరు చదువుతారు?

ర్యాంచ్ నేలలో కంటికి కనపడనివి ఇంకా ఉంటాయి. పాత పశువుల దొడ్డి వెనక, కలుపులో కప్పబడిపోయి, సన్నగా పొడవుగా ఒక సిమెంటు తొట్టి కనిపించింది. పిడుదుల వల్ల వచ్చే జ్వరాన్ని నిర్మూలించాలని 1906లో అమెరికా ప్రభుత్వం పెట్టిన కార్యక్రమంలో పశువులని ఇలాంటి తొట్లలో మందు నీళ్లలో ముంచి తీసేవాళ్లు. ఆ మందులో చాలా ఏళ్లపాటు ఆర్సెనిక్ వాడారు, మట్టిలో చేరిన ఆర్సెనిక్ దానంతటది పోదు. మా స్కెచ్‌లో పిల్లల పార్కు అంచు ఆ తొట్టి దాకా వచ్చింది. మట్టి శాంపిల్స్ ల్యాబ్‌కి పంపాం, రిపోర్టు వచ్చేదాకా అక్కడ ఏదీ గీయొద్దని చెప్పేశాను.

నేల నల్లరేగడి, తడికి ఉబ్బి ఎండకి నెర్రెలు ఇస్తుంది, పునాదులు దానికి తగ్గట్టు డిజైన్ చేయాలి. ఓక్ చెట్లని చంపే ఓక్ విల్ట్ తెగులు భయం వల్ల ఓక్ కొమ్మలు ఫిబ్రవరి నుంచి జూన్ వరకు కొట్టకుండా ఉండాలి, షెడ్యూల్‌లో ఇది ముందే రాసుకోకపోతే తర్వాత టెన్షన్.

కొనేవాళ్లు అడగాల్సిన ఇంకో మాట, మడ్ పన్ను. ఊరి బయట నీళ్లు, మురుగు లైన్లు వేయడానికి మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ (పొట్టిగా మడ్) అనే స్థానిక సంస్థ బాండ్లతో అప్పు తెస్తుంది, వాటిని తీర్చేది ఆ ఇళ్ల ప్రాపర్టీ టాక్స్‌తోనే. అంటే లైను ఎంత పొడవుగా లాగితే అంత భారం మీ మీదే, అందుకే ఇళ్లని దగ్గర దగ్గరగా పెట్టి మిగతా నేల వదిలేయడం లెక్కల్లో కూడా మంచిదే. కొలరాడోలో హైలాండ్స్ ర్యాంచ్ 22,000 ఎకరాల మీద వచ్చింది, 1981లో మొదటి కుటుంబాలు దిగాయి, అందులో 8,200 ఎకరాల్లో ఇళ్లు కట్టకుండా ఉంచేశారు. ఇప్పుడు అక్కడ లక్ష మంది దాకా ఉంటారు.

కొత్త స్కెచ్‌లో పల్లం వీధి తీసేశాం. ఇళ్లు ఓక్ మిట్ట పక్కకి జరిగాయి, చెట్లు అలాగే ఉన్నాయి, ఆవులు తాగిన కుంటని వాన నీళ్లు ఆపే చెరువుగా పెంచుతున్నాం. 38 లాట్లు తగ్గాయి. డెవలపర్ ఇంకా ఒప్పుకోలేదు, వచ్చే గురువారం మళ్లీ మీటింగ్. ఆ కంచె ఫొటో ప్రింట్ తీయించాను, లాట్ల లెక్క మొదలయ్యేలోపే టేబుల్ మీద పెడతాను.