ప్రోగ్రాం మొదలుకాక ముందు

సెలవు మీద స్టుట్‌గార్ట్ నుంచి వచ్చిన రెండో రోజున, కుషాయిగూడలోని బాబాయి ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సంపు మోటారు పెట్టెలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) ‘టక్’మనడం, మోటారు ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోవడం గమనించాను. ఆ పెట్టెను మా తమ్ముడు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో 8051 కుటుంబపు మైక్రోకంట్రోలరుతో, అంటే ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరుతో చేశాడు. “అది మొదటి నుంచీ అంతేరా, మాకు అలవాటైపోయింది” అన్నాడు బాబాయి. నాకు మాత్రం ఆ శబ్దం జర్మనీలో నా మొదటి శీతాకాలాన్ని గుర్తు చేసింది.

అక్కడ నాకు అప్పగించిన తొలి పని, ద్రవాన్ని కొలిచి పోసే చిన్న పంపుకు కంట్రోల్ బోర్డు. ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలరు పిన్నును, పంపుకు స్విచ్చిలా పనిచేసే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరు గేటుకు (దాన్ని తెరిచి మూసే కాలుకు) నేరుగా కలిపి, ప్రోగ్రాం తొలి పంక్తిలోనే ఆ పిన్నును సున్నా చేశాను కనుక ఇక భయం లేదనుకున్నాను. నా పై ఇంజనీరు కోడు తెరవనే లేదు. గొట్టం మూతి కింద టిష్యూ కాగితం పరచి, స్విచ్చిని ఇరవైసార్లు వేసి తీసి, తడి మరకలున్న ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. హైదరాబాదులో అయితే నాలుగు తిట్లు తిట్టి, ఆ తరువాత చాయ్ తాగించేవారు. ఆ మౌనానికి అలవాటు పడడానికి నాకు ఏడాది పట్టింది.

రీసెట్‌లో, అంటే ప్రోగ్రాం మొదలయ్యే ముందు చిప్పు ఆగి ఉన్నంతసేపు, దాని పిన్నులన్నీ ఇన్‌పుట్‌లుగా, పుల్-అప్ (పిన్నును 1 వైపు లాగే రెసిస్టరు) కూడా లేకుండా, ఎటూ లాగని స్థితిలో ఉంటాయి. ఫ్యూజులనే చిప్పులోని సెట్టింగు బిట్ల అమరికను బట్టి ఆ నిరీక్షణ 65 మిల్లీసెకన్ల దాకా సాగుతుంది; అసలు ప్రోగ్రాంకన్నా ముందు నడిచే బూట్‌లోడరు కూడా ఉంటే ఇంకా ఎక్కువ. అంతసేపూ గేటు గాలిలో వేలాడుతూ, చుట్టుపక్కల ఏ కాస్త వోల్టేజి సోకినా తెరుచుకుంటుంది. ఇంకా ప్రమాదకరమైనది వాచ్‌డాగ్ రీసెట్ (ప్రోగ్రాం ఎక్కడైనా చిక్కుకుపోతే చిప్పు తనను తానే మళ్లీ మొదలుపెట్టుకోవడం): పంపు నడుస్తుండగా చిప్పు రీసెట్ అయితే పిన్ను చేతులెత్తేస్తుంది గానీ, గేటులో నిలిచిన చార్జి ఎక్కడికీ పోదు కనుక పంపు నడుస్తూనే ఉంటుంది. గేటు నుంచి గ్రౌండుకు ఒక 10 కిలో ఓముల రెసిస్టరు పెడితే ఆ చార్జి కొన్ని పదుల మైక్రోసెకన్లలో దిగిపోతుంది. పైసల్లో దొరికే ఆ ముక్కను నేను అనవసరమని తీసేశాను.

బాబాయి పెట్టెలో జబ్బు వేరు. 8051లో రీసెట్ కాగానే పోర్టు లాచ్‌లన్నీ (పిన్నుల విలువను పట్టి ఉంచే బిట్లు) 1 అవుతాయి. లోపలి పుల్-అప్ బలహీనమైనదే అయినా, రిలేను నడిపే యూఎల్ఎన్2003 చిప్పులోని డార్లింగ్టన్ జంటకు (ఒకదాని వెంట ఒకటి కలిపిన రెండు ట్రాన్సిస్టర్లకు) ఆ కొద్దిపాటి కరెంటే చాలు. చిప్పును కాసేపు రీసెట్‌లో ఉంచడానికి రీసెట్ పిన్నుకు పెట్టిన 10 మైక్రోఫారడ్ కెపాసిటరు నిండేదాకా రిలే పట్టుకునే ఉంటుంది. అందుకే ఈ చిప్పుతో పనిచేసిన పాతవారు ‘సున్నా అంటే ఆన్’ అనే పద్ధతిలో సర్క్యూటు వేసేవారు. మా తమ్ముడు ఈ మాట ఫోనులో విని, “అన్నయ్యా, ల్యాబులో కరెంటు పోయేది కాదుగా!” అన్నాడు, అది నిజమే.

మరునాడు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి పిన్ను సున్నా అయినప్పుడు ఆన్ అయ్యే రకం, ఒక పీఎన్పీ ట్రాన్సిస్టరు, రెండు రెసిస్టర్లు కొని, రిలేను తలకిందుల తర్కానికి మార్చి, ప్రోగ్రాములో ఒక్క బిట్టు తిప్పాను. ఆపైన మెయిన్ స్విచ్చి దగ్గర నిలబడి ఇరవైసార్లు వేసి తీశాను. పదిహేనోసారికి వంటింట్లోంచి పిన్ని, “ఫ్రిజ్ పాడవుతుందిరా, ఇక చాలు” అని కేకేసింది. రిలే పలకలేదు.