ఎనిమిది లైట్లూ వెలిగినా

సెలవు మీద హన్మకొండ వచ్చిన నాలుగో రోజు, మా అక్క కొడుకు నయీంనగర్‌లో ఒక హాస్టల్‌కు నెట్ కేబుళ్లు వేస్తున్నాడంటే చూద్దామని వెళ్లాను. వాడి చేతిలో రెండు ముక్కల చిన్న టెస్టర్ ఉంది, కేబుల్‌లోని ఎనిమిది తీగలకూ వరుసగా లైట్లు వెలిగేది.

"ఎనిమిదికి ఎనిమిది ఎలుగుతున్నయ్ మామా. అయినా నెట్ మాటిమాటికి పోతున్నది. ఏం సమజైతలేదు" అన్నాడు.

వాడి మాట వింటుంటే దుబాయ్‌లో నా మొదటి ఏడాది కళ్ల ముందు కదిలింది. ఒక ఆఫీసులో ఒక అంతస్తు మొత్తం, 36 పాయింట్లు, నేనే కనెక్షన్ ఇచ్చాను. నా లైట్ల టెస్టర్‌లో అన్నీ పాస్. అప్పగించే రోజు మలయాళీ ఫోర్‌మన్ లక్షల ఖరీదు చేసే పెద్ద టెస్టర్ తెచ్చి పెట్టాడు. మొదటిది ఫెయిల్. రెండోది ఫెయిల్. అతను తిట్టలేదు. తెర నావైపు తిప్పి, "స్ప్లిట్ పెయిర్" అని వేలు పెట్టి చూపించాడు. అంటే తీగల జంట విడిపోయిందని.

ఇక్కడ నేర్చుకున్నప్పుడు రంగులు జంటలు జంటలుగా పక్కపక్కనే పెట్టడం నాకు అలవాటైంది. నారింజ జంట, పచ్చ జంట, నీలం జంట, గోధుమ జంట. రెండు కొసల్లోనూ అదే వరుస ఉంటే లైట్లు తప్పు పట్టలేవు. ఒకటో తీగ ఒకటికి, రెండోది రెండుకి చేరిందా అన్నదే వాటికి తెలుసు. కానీ నెట్ 3, 6 స్థానాల్లోని తీగలను ఒక జంటగా వాడుకుంటుంది. ఆ రెండూ ఒకదానికొకటి మెలిపెట్టిన ఒకే పురిలో ఉండాలి. పురి పెట్టేదే పక్క తీగల నుంచి వచ్చే గోల రెండిట్లోనూ ఒకేలా పడి రద్దయిపోవడానికి. నా వరుసలో 3 పచ్చ జంటది, 6 నీలం జంటది. పురి ఉన్నా లేనట్టే. ఆ రాత్రంతా కూర్చుని 72 కొసలూ కోసి మళ్లీ పెట్టాను. క్యాట్ 6 అనే రకం నెట్ కేబుల్‌లో తీగల పురి అరంగుళం మించి విప్పకూడదని కూడా ఆ రాత్రే తెలిసింది.

తర్వాత కంపెనీ నాకు కాస్త మంచి టెస్టర్ ఇచ్చింది. తీగలోకి ఒక సంకేతం పంపుతుంది. తెగిన చోట తగిలి వెనక్కి వచ్చేందుకు ఎంత సమయం పట్టిందో చూసి దూరం చెబుతుంది. "ఓపెన్, 37 మీటర్లు" అని తెర మీద పడితే, సీలింగ్ పలకలన్నీ విప్పకుండా నిచ్చెన నేరుగా అక్కడికే వేసేవాణ్ణి. కేబుల్ రకాన్ని బట్టి సంకేతం వేగం ముందే సరిగ్గా సెట్ చేయాలి. అది తప్పితే మీటర్లూ తప్పుతాయి. కేబుళ్లు లాగే కూలీగా వెళ్లిన నన్ను 'ఫాల్ట్ చూసేవాడు' అని పేరుతో పిలిచే దాకా తెచ్చింది ఆ పరికరమే. దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవాణ్ణి కాదు.

హాస్టల్‌లో మావాడి కనెక్టర్‌ను వెలుతురుకు పట్టి చూశాను. అవే రంగులు, అదే వరుస.

"కోసెయ్ రా" అన్నాను.

కోశాడు. తీగలు విప్పి, సాపు చేసి, బొటనవేలి గోటితో ఒక్కొక్కటీ సర్దుతున్నాడు. నారింజ తెలుపు, నారింజ, పచ్చ తెలుపు. అక్కడ ఆగాడు.

"ఇప్పుడు పచ్చ కాదా మామా?"

"కాదు. నీలం, నీలం తెలుపు. పచ్చ ఆ రెండిట్నీ దాటిపోయి ఆరులో కూసుంటది."