మోటరు వేసినప్పుడల్లా బిగుసుకుపోయిన మెమరీ కార్డు

కనగల్ దగ్గర మా చిన్నాయనకు ఉన్న బత్తాయి తోటలో బోరు మోటరు ఒకే ఏడాదిలో రెండుసార్లు కాలిపోయింది. రెండుసార్లూ వైండింగు చేయించడానికి నల్లగొండకు మోయవలసి రావడంతో, అసలు కారణమేమిటో తెలుసుకుందామని మోటరుకు అందే ఓల్టేజీని, అది లాగే కరెంటును ఎడతెగకుండా కొలిచి ఎస్‌డీ కార్డులో రాసుకునే చిన్న పెట్టెను తయారుచేసి స్టార్టరు పక్కనే బిగించాను. అందులోని కార్డు కంట్రోలరు (కార్డుతో మాట్లాడే చిప్పు) ఎస్‌డీ అసోసియేషన్ ప్రమాణాన్ని అనుసరించేదే. అయితే లినక్సు ఆపరేటింగ్ సిస్టం పట్టేంత జాగా ఆ బోర్డులో లేకపోవడంతో డ్రైవరు (ఆ కంట్రోలరును నడిపే ప్రోగ్రాము) నేనే రాసుకున్నాను. ఇంట్లో బల్ల మీద పది రోజులు నిక్షేపంగా నడిచిన పెట్టె, తోటకు వెళ్లాక ఒక్క పూట కూడా నిలబడలేదు.

కిటుకు పట్టుకున్నది చిన్నాయనే. "నేను మోటరు ఎయ్యంగనే నీ డబ్బల లైటు ఆగిపోతున్నది కొడుకా" అన్నాడు. ఆటోస్టార్టరు తీసేసి తన చేత్తోనే మీట నొక్కే మనిషి కాబట్టి ఆయనకు అది కనిపించింది. మేము ముఖ్యంగా చూడదలచిన క్షణం కూడా మోటరు మొదలయ్యే ఆ క్షణమే కావడం, సరిగ్గా అదే కార్డులో లేకపోవడం నన్ను ఎక్కువగా బాధించింది.

సీరియల్ తీగ తగిలించి చూస్తే, బిగుసుకుపోయే ముందు ఇంటరప్టు స్టేటస్ రిజిస్టరులో (ఏం జరిగిందో కంట్రోలరు బిట్ల రూపంలో చెప్పే చోట) పదహారాంక పద్ధతిలో 00208000 అన్న విలువ కనిపించింది. చివరి 8000 "ఏదో లోపం జరిగింది" అని చెప్పే బిట్టు, పై సగంలోని 0020 డేటా సీఆర్‌సీ లోపం (సీఆర్‌సీ అంటే డేటా దారిలో చెడిందేమో పట్టుకునే తనిఖీ సంఖ్య). కార్డులోకి రాసేటప్పుడు 512 బైట్ల ప్రతి బ్లాకు వెనుక, నాలుగు డేటా లైన్లలో ఒక్కోదాని మీద 16 బిట్ల సీఆర్‌సీని కంట్రోలరు పంపుతుంది. కార్డు తన లెక్క తాను వేసుకుని, సరిపోతే 010 అని, సరిపోకపోతే 101 అని మొదటి డేటా లైను మీదనే జవాబిస్తుంది. స్టార్టరు కాంటాక్టులు అతుక్కునేటప్పుడు లేచే విద్యుత్ రొదలో ఒక బిట్టు చెడిపోవడం వింతేమీ కాదు, అందులో డ్రైవరు తప్పూ లేదు. నా తప్పంతా ఆ తరువాత చేసిన పనిలో ఉంది.

నా ఇంటరప్టు హ్యాండ్లరు (కంట్రోలరు సంకేతమిచ్చినప్పుడు నడిచే కోడు) ఆ బిట్ల మీద 1 రాసి వాటిని చెరిపేసి, పై పొరకు, అంటే ఫైళ్లు రాసే కోడుకు, సీఆర్‌సీ తప్పిందని చెప్పే -84 అన్న ఎర్రర్ కోడు ఇచ్చి, తన బాధ్యత తీరిందనుకునేది. కార్డు మాత్రం ఆ పాత రాత కమాండు మధ్యలోనే, ఆపమనే మాట కోసం ఎదురుచూస్తూ ఉండిపోయేది. కంట్రోలరులోని డేటా విభాగం కూడా సగం పనిలో ఆగి, "డేటా దారి ఖాళీగా లేదు" అన్న బిట్టును ఎత్తిపట్టుకుని ఉండేది. తరువాతి రాత వచ్చినప్పుడు ఆ బిట్టు దిగేదాకా తిరిగే లూపు ఒకటి నేను రాశాను, దానికి గడువు పెట్టలేదు. బిట్టు దిగేది కాదు, లూపు ఆగేది కాదు, లైటు వెలిగేది కాదు.

లోపాన్ని పై పొరకు చెప్పడం ఆఖరి పని అని, దానికి ముందు కంట్రోలరునూ కార్డునూ తెలిసిన స్థితికి తీసుకురావాలని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు డేటా లోపం వస్తే, సాఫ్ట్‌వేర్ రీసెట్ రిజిస్టరులో డేటా లైన్ల బిట్టును, కమాండు లోపం కూడా ఉంటే కమాండు లైను బిట్టును పెట్టి, అవి వాటంతట అవి దిగేదాకా 100 మిల్లీసెకన్లు మించకుండా చూస్తాను. ఆ తరువాత 12వ నంబరు కమాండుతో కార్డును ఆపించి, 13వ నంబరు కమాండుతో దాని స్థితిని అడుగుతాను. స్థితి 6 అంటే ఇంకా డేటా కోసం చూస్తోందని, 7 అంటే లోపల రాసుకుంటోందని, 4 అంటే కొత్త పనికి సిద్ధమని అర్థం. 4 కనిపించాకే -84 పైకి వెళుతుంది.

రెండు బిట్లు ఒకేసారి వెలిగినప్పుడు ఏది నమ్మాలన్నది ఇంకో చిక్కు. బదిలీ పూర్తయిందన్న బిట్టు, డేటా గడువు దాటిందన్న బిట్టు కలిసి వస్తే బదిలీ పూర్తయినట్టే లెక్క. కమాండు విషయంలో ఇది తిరగబడుతుంది: కమాండు పూర్తయిందన్న బిట్టు ఉన్నా గడువు బిట్టు కూడా వెలిగితే జవాబు రానట్టే. ప్రమాణ పత్రంలో ఇవి చిన్న పట్టికలుగా ఉంటాయి, నేను మొదటిసారి చదివినప్పుడు వాటిని దాటేశాను.

లెక్క విషయంలోనూ నాది అబద్ధమే. కంట్రోలరుకు అప్పగించిన బైట్లన్నీ కార్డులో పడ్డట్టే పై పొరకు చెప్పేవాణ్ణి. దాంతో ఫైలు పొడవు సరిగ్గానే ఉండి, నడుమ పాత చెత్త కనిపించేది. సరిగా రాసిన బ్లాకులు ఎన్నో చెప్పే కమాండు ఎస్‌డీ కార్డులో ఉంది (55 తరువాత 22 పంపాలి). ఆ జవాబును బట్టి మిగిలినవి మాత్రమే మళ్లీ రాయిస్తున్నాను. మూడుసార్లు విఫలమైతే కార్డును నడిపే గడియారపు వేగాన్ని 50 మెగాహెర్ట్జ్ నుంచి 25కు దించి ఇంకోసారి ప్రయత్నిస్తాను, ఆపైన ఓటమి ఒప్పుకుంటాను.

ప్రతి గడువు లోపమూ లోపం కాదన్నది కూడా మరచిపోకూడదు. మొదట్లో పంపే 8వ నంబరు కమాండుకు పాత కార్డులు జవాబివ్వవు, ఆ మౌనమే వాటి వయసును చెబుతుంది. దాన్ని ఎర్రర్‌గా ముద్రిస్తే అసలైనవి ఆ గోలలో కలిసిపోతాయి.

ఇవన్నీ పరీక్షించడానికి ప్రతిసారీ తోటకు పోలేను కనుక, లినక్సులో ఎంఎంసీ (మెమరీ కార్డుల) అభ్యర్థనలకు కావాలని లోపాలు పుట్టించే ఏర్పాటు ఉన్నట్టే, నా డ్రైవరులోనూ వందలో ఒక రాతను దొంగతనంగా చెడగొట్టే మీట ఒకటి పెట్టుకున్నాను. రాస్తుండగా కార్డు పీకి కూడా చూశాను. కార్డు ఉందో లేదో ముందు చూడకుండా మూడుసార్లు ప్రయత్నించడం శుద్ధ దండగ అని అప్పుడే తెలిసి, ఆ తనిఖీని అన్నిటికంటే ముందుకు జరిపాను.

పెట్టెను స్టార్టరుకు రెండు గజాల దూరం జరిపి ఎర్తింగు కూడా సరిచేశాము. అయినా నిన్న పొద్దున చిన్నాయన మోటరు వేసినప్పుడు లాగ్ ఫైలులో 00208000 రెండుసార్లు పడింది, రెండుసార్లూ కార్డు 4వ స్థితికి తిరిగి వచ్చింది, మోటరు మొదలైన కరెంటు గీత ఎక్కడా తెగకుండా దొరికింది. డీఎంఏ (ప్రాసెసరు ప్రమేయం లేకుండా కంట్రోలరే మెమరీ నుంచి డేటా తీసుకునే పద్ధతి) వివరాల పట్టికలో లోపం వస్తే వెలిగే బిట్టుకు కోడైతే రాశాను కానీ, అది వెలగడం ఇంతవరకు ఒక్కసారీ చూడలేదు. ఈ ఆదివారం ఆ పట్టికలో కావాలని ఒక తప్పు చిరునామా పెట్టి చూడాలి.