కుడి మణికట్టు నుంచి ఎడమ వేలికి

కొబ్బరిబొండం కొడుతుండగా కత్తి జారి నా ఎడమచేతి ఉంగరపువేలు లోపలివైపు తెగింది. దగ్గరలోని ఒక క్లినిక్‌లో చర్మానికి కుట్లు వేసి పంపించారు. లోపల టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం, తెగిందేమో ఎవరూ చూడలేదు. గాయం మానింది కానీ వేలు ముడుచుకోలేదు. పుస్తకం పట్టుకుంటే ఆ ఒక్కటీ పుల్లలా నిలబడేది. రెండు నెలల తర్వాత చేతి శస్త్రచికిత్స నిపుణురాలి దగ్గరకు వెళ్లాను. తెగిన కొసలు వెనక్కి వెళ్లిపోయాయి కాబట్టి ఇక కలపలేమని, మరోచోటి టెండన్ తెచ్చి అతకాలని ఆమె చెప్పారు.

"బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి, మణికట్టు కొంచెం వంచండి" అన్నారు. ఎడమచేతిలో ఏమీ కనిపించలేదు. కుడిచేతిలో మాత్రం మణికట్టు నడుమ చర్మం కింద సన్నని తాడులాంటిది లేచింది. అది పాల్మారిస్ లాంగస్ అనే కండరం తాలూకు టెండన్. తీసేసినా పట్టు తగ్గదన్నారు. రెండు చేతుల్లోనూ లేనివారికి పిక్కలోని ప్లాంటారిస్ టెండన్ తీస్తారట. ఈ రెండు కండరాలూ పరిణామక్రమంలో మిగిలిపోయిన అవశేషావయవాలే.

నేను పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. ఉండుకం, జ్ఞానదంతాలు, చెవి కండరాలు అంటూ ఏటా చెప్పే పాఠం నా చేతిలోనే ఉందని అప్పుడే తెలిసింది. చెట్ల మీద తిరిగే కోతుల్లో ఈ కండరం బాగా ఎదిగి ఉంటుంది. మనుషుల్లో సుమారు 15 శాతం మందికి ఉండదని వైద్యగ్రంథాలు చెబుతాయి, ప్రాంతాన్ని బట్టి ఆ లెక్క చాలా మారుతుంది. ఒకే చేతికి ఉన్నవాళ్లూ ఉంటారు, నాలాగా. లేకపోయినా బతుక్కి లోటు రాని అవయవంలోనే ఇంత తేడా కనిపిస్తుంది. గుండె విషయంలో ఇలా ఉండదు కదా! అవశేషావయవం అంటే పనికిరానిదని ఇన్నాళ్లూ చెప్పాను, అది తప్పు. పాత పని పోగొట్టుకున్నదని చెప్పాలి.

తీసిన టెండన్ ఫోటో తర్వాత చూపించారు. జానెడుకు కాస్త తక్కువ, తెల్లగా మెరిసే చదునైన పోగు. ఆరు వారాలు స్ప్లింట్, రోజూ ఫిజియోథెరపీ. వేలికొస మొదటిసారి కదిలిన రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బడికి వెళ్లగానే పిల్లలందరి చేతా ఆ పరీక్ష చేయించాను. ఒక అమ్మాయికి రెండు చేతుల్లోనూ లేదు. "నాకేమైనా లోపమా సార్?" అని అడిగింది. నా కుడి బొటనవేలు, చిటికెనవేలు కలిపి చూపించాను. చిన్న మచ్చ తప్ప అక్కడ ఏమీ లేవలేదు. అదే చేత్తో సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద ఆ కండరం పేరు రాశాను.