ప్రైమర్ కింద వెల్డింగ్

షార్జాలో నేను పనిచేసే ఫ్యాబ్రికేషన్ యార్డులో ఇన్‌స్పెక్టర్ స్కాట్లాండ్ మనిషి. వెల్డింగులో సూది బెజ్జాలు పడితే, గ్రైండింగ్ చేసి మళ్లీ కొట్టే ఓపిక లేక మావాళ్లు కొందరు పైన ప్రైమర్ రంగు పూసేసి చెకింగుకి పిలుస్తారు. ఆయన స్క్రేపరుతో రెండు గీకులు గీకి, బయటపడ్డ బెజ్జం చుట్టూ చాక్‌పీసుతో సున్నా చుట్టి, "డోంట్ ట్రై టు పుల్ ద వూల్ ఓవర్ మై ఐస్" అంటాడు, నా కళ్లు కప్పాలని చూడొద్దని. గాజువాక కుర్రాళ్లకి ఇంకెవరూ అర్థం చెప్పక్కర్లేదు.

వూల్ అంటే ఉన్ని, ఈ మాటలో మాత్రం సరదాకి జుట్టు. విగ్గు కళ్ల మీదికి లాగేస్తే ఎదురుగా ఉన్నది కూడా కనబడదు కదా, అదీ దాని వెనక చెప్పే కథ. ఉత్త అబద్ధానికి ఈ మాట అంతగా వాడరు, నిజం కంటబడకుండా అడ్డం పెట్టినప్పుడే వాడతారు. మోసం ముందే పసిగట్టినవాడి నోట అది హెచ్చరిక, 'మా కళ్ల మీదికి లాగేశాడు' అని తర్వాత చెప్పుకునేవాడి నోట అది గోడు.

ఆ గోడు వెళ్లబోసుకునేవాళ్లు మా క్యాంపులో బోలెడుమంది. విశాఖలో చూపించిన కాగితం మీద వెల్డర్, ఇక్కడికొచ్చాక హెల్పర్, జీతం ఇంచుమించు సగం. పదో తరగతి పాసవనివాళ్లు యూఏఈకి పనికి రావాలంటే మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఉండాలి, అది తప్పించుకోడానికే విజిట్ వీసా మీద ఎక్కించేస్తారు, ఆ వీసా మీద ఇక్కడ పనిచేయడం నేరం. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులోనూ అంతే, డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి మన కుర్రాళ్లని సైబర్ మోసాలకి కూర్చోబెట్టారు. మోసపోయినవాళ్ల చేతే ఇంకొకళ్లని మోసం చేయించడం, ఇంతకన్నా దారుణం ఏముంటుంది?

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, లక్షన్నర కట్టమంటున్నారు, వీసా అక్కడికెళ్లాక మార్చేస్తారట." లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు, లైసెన్సు నంబరు అడిగి ప్రభుత్వంవాళ్ల ఈమైగ్రేట్ సైట్లో చూడరా అన్నాను. వెళ్లి అడిగితే "అవన్నీ నీకెందుకు బాబూ, నేనున్నాను కదా" అన్నాడట ఏజెంటు. పాస్‌పోర్టు వెనక్కి తెచ్చేసుకోమన్నాను. ఇంకా ఇవ్వలేదు.