ఎంఎస్సా, పీహెచ్‌డీయా: నేనెలా తేల్చుకున్నాను

కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉండగానే పైచదువుకు అమెరికా వెళ్లాలని నిర్ణయించుకున్నాను. ఎంఎస్‌కా, పీహెచ్‌డీకా అన్నది మాత్రం నెలల తరబడి తేలలేదు. ఇంట్లో వాళ్ల లెక్క సూటిగా ఉండేది. ఎంఎస్ అయితే రెండేళ్లు, ఆ వెంటనే ఉద్యోగం. పీహెచ్‌డీ అంటే ఐదారేళ్లు. "ఒక పీజీ అయింది కదా, ఇంకా ఎన్నాళ్లు చదువుతావు?" అని నాన్న అడిగితే గట్టిగా చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ముందు లెక్కలతో మొదలుపెట్టాను.

డబ్బు సంగతి తొందరగానే అర్థమైంది. అమెరికాలో సైన్సు పీహెచ్‌డీలో సీటిచ్చారంటే సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ చేస్తారు. టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో పనిచేసినందుకు నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఎంఎస్‌కు ఎక్కువ చోట్ల మనమే కట్టుకోవాలి. వీసాకు అప్లై చేయడానికి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం కోసం మొదటి ఏడాది ఖర్చుకు డబ్బుందని చూపించాలి కదా, పీహెచ్‌డీ వాళ్లకు చాలావరకు ఆఫర్ లెటరే ఆ ఆధారం. ఎంఎస్ అంటే మాకు బ్యాంకు లోన్ తప్పదు. అలాగని పీహెచ్‌డీ ఊరికే వస్తుందని నేను అనుకోలేదు. ఎంఎస్ చేసి ఉద్యోగంలో చేరితే ఆ మిగతా మూడు నాలుగేళ్లలో వచ్చే జీతం పీహెచ్‌డీలో పోయినట్టే.

వీసా వైపు నుంచి చూస్తే పెద్ద తేడా కనిపించలేదు. చదువయ్యాక అక్కడే పనిచేయడానికి ఇచ్చే అనుమతి, అంటే ఓపీటీ, 12 నెలలు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) సబ్జెక్టులకు ఇంకో 24 నెలలు. ఇది రెండు డిగ్రీలకూ ఒకటే. ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసాల్లో ఏటా ఉండే 65,000 పరిమితికి తోడు అక్కడ మాస్టర్స్ లేదా అంతకంటే పైచదువు చదివినవాళ్లకు 20,000 విడిగా ఉంటాయి. అందులోనూ ఇద్దరూ సమానమే. యూనివర్సిటీల్లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన) లాంటి ఉద్యోగాలకు మాత్రం ఆ పరిమితి వర్తించదు కాబట్టి, పరిశోధనలోనే ఉండాలనుకునేవాళ్లకు అది కలిసొస్తుంది. జర్మనీ కూడా కాస్త చూశాను. అక్కడ మామూలుగా మాస్టర్స్ అయ్యాకే పీహెచ్‌డీ, అదీ ఎక్కువగా జీతమిచ్చే ఉద్యోగం లాంటిదే. నాకు నచ్చిన ల్యాబులు అమెరికాలోనే ఉండటంతో ఆ దారిలో ఎక్కువ దూరం వెళ్లలేదు.

ఇంత చూశాక కూడా తేలకపోవడంతో, ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్న మా సీనియర్ అక్కకు వీడియో కాల్ చేశాను. స్టైపెండ్ ఎంత, ర్యాంకు ఎంత అని అడుగుదామనుకుంటే, అక్కే నాకు ఎదురు ప్రశ్నలు వేసింది. "ఎమ్మెస్సీ ప్రాజెక్టులో రియాక్షన్ పనిచేయకపోతే ఏం చేశావు?" అంది. సాల్వెంట్ మార్చాను, ఉష్ణోగ్రత మార్చాను, అయినా రాకపోతే ప్రతి దశలో శాంపిల్ తీసి, అందులో ఏయే పదార్థాలున్నాయో విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు మీద చుక్కలు పెట్టి ఎక్కడ ఆగిపోతోందో చూశాను అని చెప్పాను. "అప్పుడు విసుగొచ్చిందా?" అని అడిగింది. నిజం చెప్పాలంటే రాలేదు. ఆ చుక్కల వరుస చూసుకుంటూ టైం కూడా మర్చిపోయేదాన్ని. "అయితే నువ్వు పీహెచ్‌డీ గురించి ఆలోచించొచ్చు. కానీ డిగ్రీ కంటే ముందు గైడ్‌ని, అంటే నీ పరిశోధన నడిపించే ప్రొఫెసర్‌ని చూసుకో" అంది.

ఆ మాట ఎందుకంత ముఖ్యమో తర్వాత తెలిసింది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఫెలోషిప్ లాంటివి అమెరికా పౌరులకు, పర్మనెంట్ రెసిడెంట్లకే. బయటి దేశాల నుంచి వెళ్లిన మనం ప్రొఫెసర్ గ్రాంటు మీద, డిపార్ట్‌మెంట్ ఇచ్చే టీచింగ్ పని మీదే ఆధారపడాలి. గ్రాంటు అయిపోతే ఏం చేస్తారు, గైడ్‌తో పొసగకపోతే ల్యాబ్ మారే వీలుందా, ఇవి ముందే తెలుసుకోవాలి. ఎంఎస్‌లో గైడ్ కుదరకపోయినా కోర్సులు పూర్తిచేసి బయటపడొచ్చు. పీహెచ్‌డీలో రోజూ ఆ మనిషితోనే పని. అందుకే నేను అప్లై చేసిన ప్రతి చోటా, కనీసం ముగ్గురి పనైనా నాకు ఆసక్తిగా ఉందా అని చూసుకున్నాను. ఒక్క ప్రొఫెసర్ కోసమే అప్లై చేయడం నా దృష్టిలో ప్రమాదం. చాలా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లలో గైడ్‌ని చేరాకే ఎంచుకుంటారు, మనకు కావలసినవాళ్లు ఆ ఏడాది ఎవరినీ తీసుకోకపోవచ్చు.

టెన్షన్ అంతా ఆఫర్లు వచ్చాకే. ఒక ఎంఎస్ అడ్మిషన్ ముందు వచ్చింది, సీటు నిలబెట్టుకోవాలంటే డిపాజిట్ కట్టమన్నారు. స్టైపెండ్‌తో వచ్చే పీహెచ్‌డీ ఆఫర్లకు జవాబు చెప్పడానికి మాత్రం ఏప్రిల్ 15 దాకా గడువుంటుంది. ఈ గడువు గురించి కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే సంఘం చేసిన తీర్మానానికి ఒప్పుకున్న యూనివర్సిటీలన్నీ ఆ తేదీని పాటిస్తాయి. సొంత డబ్బుతో చదివే ఎంఎస్‌కు ఆ రక్షణ లేదు. డిపాజిట్ కట్టకుండా, వచ్చిన పీహెచ్‌డీ ఆఫర్ లెటర్‌ను ముందు వాక్యం వాక్యం చదివాను. స్టైపెండ్ తొమ్మిది నెలలకే రాసి ఉంది. వేసవి సంగతేంటి, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ట్యూషన్ కాక వేరే ఫీజులు ఉంటాయా అని మెయిల్ పెట్టాను. ఏదీ దాచకుండా జవాబిచ్చారు. వేసవిలో రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ ఉంటుంది, ఫీజులు మాత్రం నేనే కట్టుకోవాలి. పన్నెండు నెలలకు పంచి చూస్తే ఇబ్బంది లేకుండా బతకొచ్చనిపించింది.

అప్పుడు ఆ డిపార్ట్‌మెంట్‌లోని విద్యార్థులతో విడిగా మాట్లాడాను. మీ ప్రొఫెసర్ మంచివారా అని అడిగితే అందరూ అవుననే అంటారు. పేపర్ డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకు తిరిగి ఇస్తారు, పోయినసారి ల్యాబ్ వదిలి వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు, ఇంటికి వెళ్లడానికి సెలవు ఎలా అడుగుతారు, ఇలా అడిగాను. ఒక ల్యాబ్‌లో ఇద్దరు విడివిడిగా ఒకే జవాబు చెప్పారు, అదీ తడుముకోకుండా. నాకు అక్కడ నమ్మకం కుదిరింది. గడువుకు ముందే పీహెచ్‌డీకి ఒప్పుకుని, మిగతా చోట్లకు రావడం లేదని రాసేశాను. మనం పట్టుకు కూర్చున్న సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకొకరికి అవసరం.

ఇప్పుడు జూనియర్లు అడిగితే అందరికీ పీహెచ్‌డీ అని చెప్పను. పరిశ్రమలో ఏ పని చేయాలో స్పష్టంగా తెలిసి, దానికి మాస్టర్స్ సరిపోతుందంటే ఎంఎస్సే మంచిది. మధ్యలో మాస్టర్స్‌తో బయటికి రావచ్చని, ఫీజు మిగులుతుందని పీహెచ్‌డీలో చేరాలనుకునేవాళ్లకు మాత్రం వద్దంటాను. పరిస్థితులు మారి అలా రావడం వేరు, ముందే అనుకుని చేరడం వేరు. ఇంకా తేల్చుకోనివాళ్లు డిసెంబరు గడువులు చూసి కంగారు పడకుండా, సెప్టెంబరులోనే ఇద్దరు ముగ్గురు పీహెచ్‌డీ విద్యార్థులతో మాట్లాడి చూడండి.